ముక్తినాథ్ యాత్ర, మావయ్యగారి క్రియాటినిన్, తాగే నీళ్ళు

సోంపేట దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు రాశారు. భర్త గల్ఫ్‌లో వెల్డరు. ఇంట్లో అత్తమామలు, ఇద్దరు పిల్లలు, ఈమె. మామగారికి 63 ఏళ్ళు. రెండేళ్ళ కిందట, కిడ్నీలు నీరసిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.8 అని తేలింది. డయాలసిస్ దాకా రాలేదు. బీపీ మాత్రలు వాడుతూ మూడు నెలలకోసారి పలాస వెళ్ళి చూపించుకుంటున్నారు. అత్తగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. జూలైలో ఊళ్ళోవాళ్ళతో కలిసి యాత్రా బస్సులో కాశీ మీదుగా నేపాల్ వెళ్ళడానికి ఇద్దరూ అడ్వాన్సు కట్టేశారు. లుంబిని, పొఖరా, ముక్తినాథ్, ఖాట్మండు, మొత్తం 16 రోజులు. వంటవాళ్ళు, గ్యాస్ పొయ్యి బస్సుతోనే వస్తాయట.

తగువంతా నీళ్ళ దగ్గర వచ్చింది. నీళ్ళలో క్రిముల్ని చంపే క్లోరిన్ బిళ్ళలు పంపమని భర్త ఫోన్లో చెబితే మామగారు ఎగిరిపడ్డారు: "ఇక్కడి నీళ్ళకే కిడ్నీలు పోతన్నాయి. అక్కడికెల్లి మందు కలిపిన నీళ్ళు తాగాలేటి?" అత్తగారు ప్లాస్టిక్ సీసా నీళ్ళు ముట్టరు. ఎక్కడ తీర్థం కనిపించినా పుచ్చుకోవాలంటారు. బస్సు ఊరికే ఆపరు కాబట్టి పగలు నీళ్ళే మానేస్తానని మామగారి ఆలోచన. మరగబెట్టిన నీళ్ళయితే ఇద్దరికీ అభ్యంతరం లేదు, కానీ రోజూ ఎవరు మరగబెడతారు? ఈమె ఆన్‌లైన్లో నాలుగు వేల రూపాయల ఫిల్టరు సీసా చూశారు. ఈలోగా ఆడపడుచు, "ఖర్చుకి ఏడ్చి అమ్మానాన్నల్ని ఆపేస్తున్నావు" అనేసింది. "ఆపమంటారా, పంపమంటారా? పంపితే ఏం ఇచ్చి పంపను?" అన్నది ఈమె ప్రశ్న.

సమాధానం:

మావయ్యగారి భయం నుంచి మొదలుపెడదాం. అది తీరకపోతే మీరు సంచిలో ఏం సర్దినా అక్కడ బయటికి రాదు.

మీ సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషి నీళ్ళని అనుమానంగా చూడటంలో తప్పేమీ లేదు. అక్కడ ఇన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో, ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, అన్నిటినీ పరిశీలిస్తూనే ఉన్నారు. అయితే నీళ్ళతో వచ్చే ప్రమాదాలు రెండు రకాలు. నీళ్ళలో కరిగి ఉండే ఖనిజాలు, రసాయనాలు ఏళ్ళ తరబడి తాగితే దెబ్బ తీస్తాయి. సూక్ష్మక్రిములకు ఒక్క గ్లాసు చాలు, గంటల్లోనో రోజుల్లోనో పని కానిస్తాయి. 16 రోజుల యాత్రలో మావయ్యగారికి గండం ఈ రెండోదే. ఆరోగ్యవంతుడికి రెండు రోజుల విరేచనాలు వస్తే నీరసపడి లేస్తాడు. క్రియాటినిన్ 1.8 ఉన్న మనిషికి అవే విరేచనాల్లో ఒంట్లో నీరు పోయి, రక్తపోటు పడిపోయి, ఉన్న కిడ్నీ పని ఒక్కసారిగా తగ్గిపోవచ్చు. మళ్ళీ మునుపటి స్థాయికి రాకపోవచ్చు కూడా. కాబట్టి ఆయన భయపడాల్సింది బిళ్ళకి కాదు, విరేచనాలకి. దానికి తోడు, పగలు నీళ్ళు మానేస్తానన్న ఆ ఆలోచనకి.

క్లోరిన్ మాటకొస్తే, డయాలసిస్ కేంద్రాల్లో నీళ్ళలోంచి క్లోరిన్ తీసేస్తారని మీ ప్రాంతంలో చాలామంది వినే ఉంటారు. అది నిజమే. డయాలసిస్‌లో ఆ నీరు పల్చటి పొరకి ఇవతల, రక్తం అవతల ఉంటాయి. వందల లీటర్ల నీళ్ళలోని క్లోరిన్ నేరుగా రక్తానికి చేరే వీలుంటుంది. నోటితో తాగినప్పుడు ఆ దారి లేదు. తాగునీటిలో లీటరుకి 5 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. లేబుల్ మీద రాసినంతే వేస్తే బిళ్ళ మామూలుగా దానిని దాటదు. ఈ తేడా మీరు చెబితే వినకపోవచ్చు. పలాసలో చూసే డాక్టరు చెబితే వింటారు.

అయినా బిళ్ళల కోసం ఇంట్లో యుద్ధం చేయకండి. నేపాల్‌కి, అందులోనూ జూలైకి, బిళ్ళ రెండో వరస ఆయుధమే. ఖాట్మండు లోయలో వానాకాలం సైక్లోస్పోరా అనే పరాన్నజీవి బాగా కనిపిస్తుంది. వానలు మొదలైనప్పటి నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. క్లోరిన్‌కి అది చావదు, మరిగితే చస్తుంది. దానితో వచ్చే విరేచనాలు వారాల తరబడి సాగుతాయి. పైగా దానికి వాడే మందు పొటాషియాన్నీ క్రియాటినిన్‌నీ పెంచగలదు కాబట్టి కిడ్నీ డాక్టర్లు ఆచితూచి రాస్తారు. అంటే ఇద్దరూ ముందే ఒప్పుకున్న మరిగిన నీళ్ళే అన్నిటికన్నా గట్టి ఉపాయం. మీ ఇంట్లో పట్టుదలలూ వైద్యమూ కలిసిన చోటు అదొక్కటే, అక్కడే మేకు కొట్టండి.

ఎవరు మరగబెడతారంటారా? రెండు దార్లున్నాయి. మొదటిది వంటవాళ్ళు. యాత్ర కట్టినాయనతో బయల్దేరే ముందే మాట్లాడి, రోజూ రాత్రి వంటయ్యాక ఒక గిన్నె నీళ్ళు మరిగించి ఇవ్వాలని ఒప్పించుకోండి, కొంత డబ్బు ఇవ్వాల్సి వచ్చినా సరే. మీవాళ్ళిద్దరికే అంటే విసుక్కుంటారు. బస్సులో ఇంకో పదిమంది పెద్దవాళ్ళు కలిస్తే అది వంటలో భాగమైపోతుంది. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, అలిసిన రోజు "మరిగాయమ్మా" అని గోరువెచ్చటి నీళ్ళు పోసేస్తారు. వెచ్చబడితే చాలదు. దబదబా మరుగు పట్టాక ఒక నిమిషం ఉంచాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటాక మూడు నిమిషాలు. ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ వేడి క్రిములకి సరిపోతుంది, కాస్త ఎక్కువసేపు ఉంచడమే జాగ్రత్త.

రెండోది కరెంటు కెటిల్. ఇదే నయమని నా అభిప్రాయం, ఒకరి మీద ఆధారపడనక్కర్లేదు. లీటరున్నర పట్టే స్టీలు కెటిల్, 1,500 వాట్లది చాలు. లీటరు నీళ్ళు అయిదు నిమిషాల్లో మరుగుతాయి. అక్కడి కరెంటు కూడా మనలాగే 230 వోల్టులు. మన ప్లగ్గు చాలాచోట్ల పడుతుంది, అయినా అన్ని రకాల ప్లగ్గులకీ పనికొచ్చే అడాప్టరు ఒకటి వేసుకోమనండి. గదికి చేరగానే మొదటి పని ఇదే కావాలి, పడుకోబోయే ముందు అనుకుంటే కరెంటు పోయిన రోజు చిక్కు. ఇద్దరికీ కలిపి రోజుకి నాలుగైదు లీటర్లు, అంటే మూడు నాలుగు విడతలు. లీటరు పట్టే స్టీలు సీసాలు నాలుగు కొనండి. వేడి నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో పోయొద్దు. స్టీలు కాబట్టి అత్తయ్యగారికీ పేచీ ఉండదు.

మరిగించాక చెడగొట్టుకోవడం చాలా తేలిక. కుళాయి నీళ్ళతో కడిగిన సీసాలో, తడి ఆరకుండానే మరిగిన నీళ్ళు పోస్తారు, మూత కడగడం మర్చిపోతారు, గిన్నెలో గ్లాసు ముంచి తీస్తారు, తొందరగా చల్లారాలని ఐసు వేస్తారు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. సీసాని, మూతని ఆఖర్న కాస్త మరిగిన నీళ్ళతోనే తొలవాలి. నీళ్ళు వంచి పోసుకోవాలి, ముంచకూడదు. పళ్ళు తోముకుని పుక్కిలించేదీ, మాత్ర మింగేదీ ఈ నీళ్ళతోనే. మాత్రకి ఒక్క గుక్కే కదా అని కుళాయి తిప్పేవాళ్ళే ఎక్కువ.

ఫిల్టరు సీసా కొనాలా? కొంటే తప్పేం లేదు, ఏం చేస్తుందో ఏం చేయదో తెలిసి కొనండి. సన్నటి గొట్టాల పొర ఉండే రకాల్లో రంధ్రం 0.1 నుంచి 0.2 మైక్రాన్లు. బ్యాక్టీరియా, విరేచనాలు తెచ్చే జియార్డియా, సైక్లోస్పోరా ఆగిపోతాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు అంతకన్నా చాలా చిన్నవి, జారిపోతాయి. నేపాల్‌లో హెపటైటిస్ ఇ అరుదేమీ కాదు, 2014లో విరాట్‌నగర్‌లో వేలమందికి సోకింది. ఇంకో సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు: తడి ఫిల్టరు ఒకసారి గడ్డకడితే లోపలి పొర చిట్లిపోతుంది, పైకి ఏమీ కనబడదు. జూలైలో ఆ బెడద తక్కువే, కార్తీకంలో వెళితే ముక్తినాథ్ రాత్రుళ్ళు దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకోవాల్సిందే. నన్నడిగితే ఆ నాలుగు వేలు కెటిల్‌కీ సీసాలకీ వాడండి. ఫిల్టరు వాడి, ఆ నీళ్ళలో బిళ్ళ కూడా వేస్తే రెండూ కలిసి దాదాపు అన్నిటినీ ఆపుతాయి, కానీ రెండూ చేసే ఓపిక మావయ్యగారికి ఉంటుందనుకోను.

బిళ్ళలు మాత్రం ఒక అట్ట కొని సంచిలో పడేయండి. దారిలో బస్సు చెడిపోయి, మరిగిన నీళ్ళూ సీల్ సీసాలూ దొరకని పూటకి. ఒక్కో బిళ్ళ ఎన్ని లీటర్లకో అట్ట మీద ఉంటుంది, అది చూడాలి. ఇరవై లీటర్ల బిళ్ళ లీటరు సీసాలో వేస్తే ఘాటుకి తాగలేరు. బురద నీళ్ళయితే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ బురద మీదే ఖర్చయిపోతుంది. వేశాక అరగంట, చల్లటి నీళ్ళకి గంట ఆగాలి. అయొడిన్ చుక్కలూ బిళ్ళలూ వద్దు, అత్తయ్యగారి థైరాయిడ్‌కి పడవు. బస్సులో ఎవరో ఒకరు పటిక తిప్పి ఇస్తారు చూడండి, అది మడ్డిని అడుక్కి దించుతుంది తప్ప క్రిములను చంపదు. పైగా పటికలో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీలు నీరసించిన వాళ్ళ ఒంట్లోంచి అది సరిగా బయటికి పోదు.

సీల్ సీసాలు మావయ్యగారికి పర్వాలేదు కాబట్టి రోడ్డు మీద అవే దిక్కు. మూత తిప్పినప్పుడు చుట్టూ ఉన్న వలయం 'టక్'మని తెగాలి. ముందే విడిగా తిరుగుతుంటే వెనక్కి ఇచ్చేయాలి. భోజనశాలల్లో పెట్టే ఇరవై లీటర్ల జార్లని మాత్రం సీల్ సీసాలతో సమానం అనుకోవద్దు. మన దగ్గర టిన్నుల్లాగే అవి ఎన్నిసార్లు నింపారో, లోపల ఎప్పుడు కడిగారో తెలియదు. ఖాట్మండు జార్ల నీళ్ళలో మలంలోని క్రిములు బయటపడిన సందర్భాలున్నాయి. ఆ నీళ్ళని కుళాయి నీళ్ళ కిందే లెక్కేసి మరిగించుకోవాలి.

లుంబిని వైపు తెరాయి మైదానంలో చేతి పంపులు కనిపిస్తాయి. చల్లగా, తేటగా ఉంటాయి ఆ నీళ్ళు. లుంబిని పక్క జిల్లా నవల్‌పరాసీ భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటొద్దంటుంది. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై కొంచెం చిక్కబడుతుంది కూడా. రెండు రోజులు తాగితే ఏదో అయిపోతుందని కాదు. కానీ కిడ్నీ మనిషి, సీల్ సీసా దొరికే చోట, పంపు నీళ్ళు తాగాల్సిన అగత్యం ఏముంది?

తిండిలో నీళ్ళు దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. చారు, సాంబారు, పప్పు మరుగుతాయి కాబట్టి భయం లేదు. మజ్జిగలో కలిపే నీళ్ళు, పచ్చి చట్నీ, పైన చల్లే కొత్తిమీర, కోసి అమ్మే దోసకాయ ముక్కలు, వీటితోనే ముప్పు వస్తుంది. సైక్లోస్పోరా ఆకుకూరలకి అంటుకుని ఉంటుంది, కడిగితే పూర్తిగా పోదు. మావయ్యగారికి పెరుగన్నం సరే, పల్చటి మజ్జిగ వద్దు.

తీర్థం సంగతి. ముక్తినాథ్‌లో గుడి వెనక 108 ధారల కింద తడవడం, ముందున్న రెండు కుండాల్లో మునగడం ఆచారం. తడిస్తే నష్టం లేదు, నోరు గట్టిగా మూసుకుంటే చాలు. పుచ్చుకోవాలనుకుంటే శిరస్సున చల్లుకోవచ్చు, లేదా చెంబుతో పట్టుకొచ్చి గదిలో కెటిల్‌లో మరిగించి మూడుసార్లు పుచ్చుకోవచ్చు. నాలుక మీద చుక్క వేసుకుంటే ప్రమాదం తక్కువ, లేదని మాత్రం అనను. అత్తయ్యగారు తన ఒంటికి తాను నిర్ణయించుకోగల మనిషి, ఆ చుక్క దగ్గర పట్టుబట్టకండి. మావయ్యగారికి మాత్రం చల్లుకోవడంతో సరి. పశుపతినాథ్ దగ్గర బాగ్మతి నీళ్ళు ఇద్దరికీ వద్దు, చుక్కయినా. నగరం మురుగంతా కలిసే నది అది.

ఇక అన్నిటికన్నా నాకు భయం వేసింది ఆ 'పగలు నీళ్ళు మానేయడం' దగ్గర. పొఖరా నుంచి ఖాట్మండు 200 కిలోమీటర్లే అయినా కొండదారిలో రోజంతా పట్టొచ్చు. ఉక్కలో, చెమటలో, బీపీ మందుల మీద ఉన్న మనిషి రోజంతా నీళ్ళు లేకుండా కూర్చుంటే విరేచనాలు రాకపోయినా క్రియాటినిన్ పెరగొచ్చు. రోజుకి ఎంత తాగాలో డాక్టరుని అంకె అడగండి, కొందరికి తగ్గించమంటారు, కొందరికి ఎక్కువ తాగమంటారు. ఆ మొత్తంలో మూడో వంతు తెల్లవారుజామున, మూడో వంతు బస దిగాక, మిగిలింది దారిలో గుక్క గుక్కగా. రెండు గంటలకోసారి బస్సు ఆపించమని యాత్ర కట్టినాయనకి ముందే చెప్పండి, తలుపు దగ్గర సీటు అడగండి. మందుల షాపుల్లో మూతున్న మూత్రం సీసా దొరుకుతుంది, సిగ్గుపడకుండా ఒకటి కొనండి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే తాగేది చాలడం లేదని అర్థం.

విరేచనాలు మొదలైతే మొదటి గంటలోనే ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్టు లీటరు మరిగిన నీళ్ళలోనే కలపాలి. గ్లాసు నీళ్ళలో మొత్తం గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తుంది. నేపాల్ షాపుల్లో జీవన్‌జల్ అని అడిగితే ఇదే ఇస్తారు. ఉద్దానం వాళ్ళకి విరేచనాలంటే మొదట గుర్తొచ్చేది కొబ్బరి బొండాం. మావయ్యగారికి అది వద్దు. అందులో పొటాషియం చాలా ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఓఆర్ఎస్‌లోనూ కొంత పొటాషియం ఉంటుంది కాబట్టి ఎంతవరకు తాగొచ్చో డాక్టరు దగ్గర రాయించుకోండి. దానితోపాటే, విరేచనాలూ వాంతులూ ఉన్న రోజుల్లో ఏ బీపీ మాత్ర ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కూడా. కొన్ని రకాలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీని ఇంకా నొక్కేస్తాయి. సొంతంగా ఆపొద్దు, కాగితం మీద ఉండాలి. మెట్లెక్కి మోకాళ్ళు నొప్పి అంటే బస్సులో ఎవరో డైక్లోఫెనాక్ ఇస్తారు, అది అసలు ముట్టకూడదు. కొండ ఎక్కేటప్పుడు పంచే ఎత్తు జబ్బు మాత్రలూ అంతే, కిడ్నీ మనిషికి డాక్టరు చెప్పకుండా వద్దు. ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోయినా, రక్తం పడినా, 101 డిగ్రీల జ్వరం దాటినా, ఓఆర్ఎస్ నిలవకుండా వాంతి అవుతున్నా బస్సుతో ముందుకి పోకుండా ఆసుపత్రికి వెళ్ళి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. మన ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు అక్కడ చెల్లదు. ప్రయాణ బీమా తీసుకుంటే కిడ్నీ జబ్బు సంగతి దాచకుండా రాయండి, దాచితే డబ్బు రాదు.

ఆపాలా, పంపాలా అన్నారు. జూలైలోనే పంపితే అడ్వాన్సు మిగులుతుంది, కానీ వానలు, సైక్లోస్పోరా, కొండచరియలు విరిగి బస్సు గంటలకొద్దీ నిలిచిపోయే రోజులు, అన్నీ ఒకేసారి మీదపడతాయి. అక్టోబరు, నవంబరుకి మార్చితే అడ్వాన్సులో కొంత పోతుంది, ఊళ్ళోవాళ్ళ తోడు పోవచ్చు, నీళ్ళ బెడద మాత్రం బాగా తగ్గుతుంది. అత్తయ్యగారు జూలైలో వెళ్ళి, మావయ్యగారు ఆగడం కూడా ఒక దారే, ఆయన ఒప్పుకుంటారనిపించదు. ముక్తినాథ్ ఎక్కే రెండు రోజులు ఆయన పొఖరాలోనే ఉండిపోవడం మరొకటి, కాకపోతే యాత్రంతా ఆ గుడి కోసమే అయితే అది ఆయనకి శిక్ష. నా మొగ్గు అక్టోబరుకే.

ఈ మాట మీ నోటి నుంచి రానక్కర్లేదు. వచ్చే పరీక్షకి పలాస వెళ్ళేటప్పుడు మీ ఆడపడుచుని వెంట తీసుకెళ్ళండి. తాజా క్రియాటినిన్ చేతిలో పెట్టుకుని, ఏ నెల మంచిది, నీళ్ళు ఎంత, ఏ మాత్ర ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలు ఆవిడనే అడగనివ్వండి. డాక్టరు జూలై పర్వాలేదంటే పంపించండి, కెటిల్ ఎలాగూ ఉంది. వద్దంటే ఆ మాట ఇంట్లో చెప్పేది కూతురే అవుతుంది.

తిరిగొచ్చాక వారం, పది రోజుల్లో క్రియాటినిన్ మళ్ళీ చూపించండి. సైక్లోస్పోరా బయటపడటానికి వారం పడుతుంది, టైఫాయిడ్‌కి ఒకటి నుంచి మూడు వారాలు, హెపటైటిస్ ఇ కైతే రెండు నుంచి తొమ్మిది వారాలు. అందుకని ఇంటికొచ్చిన తొమ్మిది వారాల లోపు జ్వరమో, కళ్ళు పచ్చబడటమో, తగ్గని విరేచనాలో వస్తే నేపాల్ వెళ్ళొచ్చారని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మామూలు మల పరీక్షలో సైక్లోస్పోరా దొరక్కపోవచ్చు. దానికి వేరే రంగు వేసి చూడాలి, అడిగి చేయించుకోవాలి.